రాజలింగును పిలిచేవాళ్లు

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాంటా దగ్గర బండ్లను పేరు పెట్టి పిలవడం రాజలింగు పని. వింటే ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. చలికాలంలో కోటగిరి నుంచీ రుద్రూర్ నుంచీ వచ్చిన బండ్లు మైదానం నిండా బారులు తీరి, బండివాళ్లంతా ఇరుసుల కింద గొంగళ్లు కప్పుకుని పడుకుని ఉంటే, అంతమందిలో వరస వచ్చిన ఒక్కణ్ని లేపి చూడండి, అప్పుడు తెలుస్తుంది. రాజలింగు కాంటా గద్దె ఎక్కి "కోటగిరి ముత్తన్నో!" అని పిలిస్తే ముత్తన్న ఒక్కడే లేచేవాడు, పక్కవాడి గురక ఆగేది కాదు. ఎవరి పేరు వాళ్లకే తగిలేటట్టు పిలిచేవాడు. ఆ విద్య ఎవరూ నేర్పింది కాదు.

కాంటా రూలు మూడు పిలుపులు. మూడింటికీ పలక్కపోతే వెనక బండి ముందుకు పోతుంది, పలకనివాడు మళ్లీ తోకలో నిలబడాలి. రాజలింగు ఆ రూలును తప్పేవాడు కాదు గానీ కాస్త సాగదీసేవాడు. రెండో పిలుపుకూ మూడో పిలుపుకూ నడుమ నింపాదిగా ఒక బీడీ కాల్చేవాడు. కాంటా బాబు కసిరితే, "పండుకున్నోని మీద పగేంది సారూ? గా ఎడ్లు గూడ పండుకున్నయి" అనేవాడు. ఇంతలో ఏ బండి కిందినుంచో "వస్తున్నా!" అని కేక వచ్చేది. పలికినవాళ్లందరిదీ అదే జవాబు, "వస్తున్నా". పాతికేళ్లు ఆ జవాబు వింటూ బతికాడు.

ఆ గొంతే అతనికి రెండో పని తెచ్చిపెట్టింది. దానికి జీతం లేదు, సెలవు లేదు.

మనలో పాడెను నేరుగా కాటికి తీసుకుపోరు. దారిలో ఒకచోట దింపుతారు. దింపుడు కళ్లం అంటారు. అక్కడ అయినవాళ్లెవరో ఒకరు వంగి, పోయిన మనిషి చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఏ మూలనన్నా మిగిలుంటే పలుకుతుందని ఆశ. పలికినవాళ్లను చూసినవాళ్లు లేరు, అయినా పిలవడం ఎవరూ మానలేదు. పిలవకుండా పంపిస్తే, మనిషిని కాదు, మూటను మోసుకుపోయినట్టు ఉంటుంది.

ఒక ఏడు చెరుకు కొట్టడానికి నాందేడ్ వైపు నుంచి వచ్చిన కూలీ ఒకడు జ్వరంతో పోయాడు. తోటివాళ్లు నలుగురూ మోయడానికి సరిపోయారు గానీ, పిలవడానికి అయినవాడంటూ లేడు. ఎవరో రాజలింగును తీసుకొచ్చారు. "నీ గొంతుకు సచ్చినోడు గూడ లేస్తడన్నా" అని నవ్వులాటగా అన్నవాడే, అతను వంగి పిలుస్తుంటే కళ్లు తుడుచుకున్నాడట. అప్పటినుంచి దిక్కులేని చావు ఎక్కడ జరిగినా రాజలింగుకు కబురు వచ్చేది. దిక్కు ఉన్నవాళ్లూ పిలిచేవారు. ఏడుపుతో కొడుక్కి గొంతు పెగలకపోతే, "తాతా, నువ్వే పిలువు" అనేవారు. అప్పటికే అతను తాత అయిపోయాడు. ఎవరికి తాత అంటే, ఎవరికీ కాదు. పుట్టిన ఒక్క బిడ్డా పేరు పెట్టకముందే పోయింది.

భార్య అంజవ్వ పోయినప్పుడు కూడా తనే పిలిచాడు. మూడు పిలుపులూ అయ్యాయి. లేవబోయి, మళ్లీ కూర్చుని, నాలుగోసారి పిలిచాడు. మోసేవాళ్లు ముఖాలు అటు తిప్పుకున్నారు.

తర్వాత కాంటా దగ్గర మైకు బూర పెట్టారు. పేర్లు పోయి నంబర్లు వచ్చాయి. ఏ నంబరు పిలిచినా మైదానంలో సగం మంది లేచి కూర్చునేవారు, నాదా నీదా అని. రాజలింగును ఇంటికి పంపారు. ఇంకొన్నాళ్లకు గొంతు కూడా పోయింది. మొదట జీర, ఆ తర్వాత బొంగురు, చివరికి గాలి మిగిలింది. డాక్టరుకు చూపించుకోమన్నారు. "ఎవల్ని పిలిచేదుంది ఇగ" అన్నాడు.

బస్టాండు వెనక ఒక్క గదిలో ఉండేవాడు. పొద్దున ఒక జొన్నరొట్టె చేసుకుని సగం అప్పుడు, సగం సాయంత్రం తినేవాడు. తినేటప్పుడు తలుపు బార్లా తీసి పెట్టుకునేవాడు, దారినపోయేవాళ్లు ఎవరన్నా "తిన్నవా తాతా" అంటారేమోనని. అనేవాళ్లు అప్పుడప్పుడు. ఊళ్లో అందరూ అతన్ని పిలుపు తాత అనేవారు. ముద్దుగానే అనేవారు, కాదనను. కానీ రాజలింగు అనే పేరు ఒకటి ఉందని చిన్నవాళ్లకు తెలియదు, తెలిసిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వాళ్లలో చాలామందిని అతనే పిలిచి పంపాడు. పొద్దుపోకపోతే బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని, "కోటగిరి, కోటగిరి... రుద్రూర్, వర్ని!" అని కండక్టర్లు అరుస్తుంటే వినేవాడు. ఊళ్ల పేర్లయినా సరే, ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు ఉండేది.

దిక్కులేని పీనుగులను తీసుకుపోయే బండి ఒకటి ఆ దారినే పోయేది. ఆశన్న తోలేవాడు. చెడ్డవాడేం కాదు. ఒకనాడు రాజలింగు ఆ బండికి అడ్డం పోయి, "జర దింపుడు కళ్లం కాడ ఆపరాదు ఆశన్నా?" అన్నాడు.

"ఆపితే దించుడెవలు, పిలుసుడెవలు తాతా? నీ గొంతేమో పాయె. ఇంటికాడ ఎడ్లకు గడ్డి గూడ ఎయ్యలె" అన్నాడు ఆశన్న. బండి ఆగలేదు.

ఆ రోజు రొట్టె రెండో సగం తినలేకపోయాడు. తనూ ఆ బండి మీదే పోతాడు. చావంటే భయం లేదు, ఎన్ని చూశాడు! ఎవరూ పిలవకుండా పోవడం ఒక్కటే భయం. తాలూకా మొత్తాన్ని పేరుపేరునా పిలిచినవాణ్ని పిలిచే నోరు ఒక్కటి లేదు. ఆలోచించి ఆలోచించి దీనికి సర్కారే దిక్కు అనుకున్నాడు. సర్కారు బడికి పంతుల్ని పెట్టలేదా, ఊరికి మంత్రసానిని పెట్టలేదా? అట్లాగే ఊరికొక మనిషిని పెట్టాలి. జీతమిచ్చి, దిక్కులేనివాళ్ల పాడె దింపించి, మూడుసార్లు పేరు పెట్టి పిలిపించాలి. అడగాల్సింది ఇదే. అడగడానికి చోటే దొరకలేదు.

పోచంపాడ్ దగ్గర గోదావరికి అడ్డంగా ఆనకట్ట లేస్తున్న ఆ రోజుల్లో చోటు కూడా దొరికింది. ముసలివాళ్ల కష్టసుఖాలు విచారించడానికి శాసనసభ ఒక సంఘాన్ని వేసిందనీ, అది నిజామాబాద్ వచ్చి ముసలివాళ్ల నోటనే వింటుందనీ చాటింపు అయింది. బట్టల దుకాణం దేవిదాస్ వార్డు మెంబరు. బోధన్ ముసలివాళ్లను పోగుచేసి తీసుకుపోయే భారం తన నెత్తిన వేసుకున్నాడు. వేసుకుంటే ఎమ్మెల్యేల కళ్లలో పడవచ్చునని.

"అందరు ఒక్కతీర్గ చెప్పుండ్రి" అన్నాడు లారీ దగ్గర. "పింఛన్ గావాలె, దుప్పటి గావాలె, దవాఖాన గావాలె. అడ్డం పొడుగు మాట్లాడకుండ్రి. పిలుపు తాతా, నువ్వేం చెప్తవ్?"

"నాకు గవి వద్దు."

"మరేం గావాలె?"

"సభల్నే చెప్త."

"నాకు చెప్పవు గని హైద్రాబాద్‌కెల్లి వచ్చినోళ్లకు చెప్తవా! మంచిగనే ఉంది. ఎక్కు ఎక్కు" అన్నాడు దేవిదాస్.

అది పసుపు బస్తాలు దింపి వచ్చిన లారీ. నిజామాబాద్‌లో దిగేసరికి ముసలివాళ్లందరూ పెళ్లివారిలా పసుపు పూసుకుని ఉన్నారు. ఒకరినొకరు చూసుకుని పళ్లులేని నోళ్లతో నవ్వుకున్నారు. ఆ నవ్వుల్లో రాజలింగు కలవలేదు. సభలో చెప్పాల్సిన మాటను పెదాలతోనే వల్లె వేసుకుంటున్నాడు.

పెద్ద హాలు లోపల సంఘం కూర్చుంది. బయట వరండాలో బల్లల మీద ముసలివాళ్లు. తలుపు దగ్గర జవాను కాగితం చూసి ఒక్కో పేరూ పిలుస్తున్నాడు. రాజలింగు అతన్ని చాలాసేపు పరీక్షగా చూశాడు. పేరు సగంలో మింగుతున్నాడు, రెండో పిలుపుకే విసుక్కుంటున్నాడు. 'కాంటకాడ పెడితే వీడు వారం నిలువడు' అనుకున్నాడు.

పక్కన ఒక ముసలావిడ వచ్చి కూర్చుంది. తెల్లటి నేత చీర, చేతిలో గుడ్డ సంచి. కోటగిరి దగ్గర కాలవ కింద కోస్తా నుంచి వచ్చినవాళ్ల క్యాంపు ఒకటుంది. అక్కడినుంచి వచ్చానని చెప్పింది. పేరు సుబ్బరత్నం. ఇంట్లో తను ఒక్కతే ఉంటుందట, మాట్లాడ్డానికి మనిషి దొరికితే వదలదని ఆమే చెప్పి నవ్వింది.

"మీదే ఊరండీ?"

"బోధన్ అమ్మా. నా పేరు రాజలింగు. ఫ్యాక్టరీల కాంటకాడ బండ్లను పిలిచెటోణ్ని."

సుబ్బరత్నం నవ్వు ఆగింది. సంచిని ఒళ్లోంచి తీసి కింద పెట్టింది.

"తెలంగాణా గొడవల యేడు మా ఆయన బోధన్ ఆసుపత్రిలో పోయారు. మావాళ్లు సగంమంది ఆ గొడవలకి పిల్లల్ని తీసుకుని కృష్ణాజిల్లా వెళ్లిపోయారు. ఉన్నవాళ్లెవరికీ నోరు రాలేదట. ఎవరో కాంటా ఆయన పిలిచాడని చెప్పారు. మీరేనా?"

రాజలింగు తలూపాడు. "బసవయ్యగారు. ఎర్కే."

"ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండేం. అప్పట్నించీ అడగాలని ఉంది. ఏమని పిలిచారు?"

"బసవయ్యా అని పిల్చిన. మూడుసార్లు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెల్లగా చెప్పింది. "ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవలేదండీ. అది వాళ్ల తాతగారి పేరు. పెట్టారే గానీ, మా అత్తగారు తన మావగారి పేరు నోటితో పలకకూడదు కదా, అందుకని ఒక్కనాడు పిలవలేదు. ఊరూవాడా పెదబాబు అనేవారు. బసవయ్యంటే కాయితాల మీద పేరు. ఆయనకి అలవాటు లేని పేరు. వినపడిందో లేదో అని... ఇన్నేళ్లూ అదే దిగులు. పిచ్చిదాన్ని అనుకోండి."

ఎవరన్నా వింటే నవ్వుతారు, పోయినవాడికి ఏ పేరైతేనేమిటని. రాజలింగుకు నవ్వు రాలేదు. ఏదో గుర్తొచ్చి కళ్లు మెరిశాయి.

"లేదమ్మా, వినవడ్డది" అన్నాడు. గొంతు లేక ఆమె వైపు వంగి చెప్పాడు. "మా కాంటకాడ గాయనకు గదే పేరు. చెరుకు పర్మిట్టుల బసవయ్య అనే ఉండె. ఎన్నిసార్లు పిలిచిననో లెక్క లేదు. ఒక్క పిలుపుకే లేసెటోడు. అందరు 'వస్తున్నా' అంటరు గద, గాయన 'వస్తున్నానండీ' అనెటోడు. బండ్లు పిలిచెటోనికి అండీ ఏందని పక్కోళ్లు నగుతుండె. అయినా గట్లనే అనెటోడు. నా గొంతుల గా పేరు గాయనకు అలవాటే తల్లీ."

సుబ్బరత్నం ఏడ్చింది. పక్కవాళ్లు చూస్తున్నా ఆపుకోలేదు. "వస్తున్నానండీ అనేవారా? అంటారు, అంటారు. నాకు తెలియని పేరుతో ఆయన్ని పిలిచే మనిషి ఒకరున్నారన్నమాట" అంది. కళ్లు తుడుచుకుని, "మరి మీకెవరున్నారండీ?" అని అడిగింది.

"ఎవలున్నరు..." అన్నాడు రాజలింగు.

"ఆడదాన్ని కాటికి రానివ్వరు గానీ, రానిస్తే నేను వద్దును" అంది ఆవిడ.

అతను తలుపు వైపు చూశాడు. ఆవిడకు దిగులు తీరింది, సంతోషమే. కానీ తన దిగులు ఇంకా లోతుకు పోయింది. బసవయ్య విన్నాడంటే, బతికున్నప్పుడు ఆ గొంతు విని పలికినవాడు కనక విన్నాడు. మరి జీతానికి వచ్చిన సర్కారు మనిషి, ఎన్నడూ పిలవనివాడు, కాగితం చూసి పిలిస్తే ఎవరు వింటారు? ఆ తలుపు దగ్గర జవాను లాంటివాణ్నే గదా పెట్టేది! ఇన్నాళ్లు మోసుకొచ్చిన కోరిక వరండాలోనే వాడిపోయింది. సరిగ్గా అప్పుడే జవాను అతని పేరు సగం మింగి పిలిచాడు.

లోపల సంఘం అధ్యక్షుడు పెద్దమనిషి, మర్యాదగానే మాట్లాడాడు. "మీ ఇబ్బంది ఏమిటో చెప్పండి." రాజలింగు చెప్పాడు. ఎవరికీ వినపడలేదు. "కాస్త గట్టిగా" అన్నారు. ఆ గొంతును గట్టిగా మాట్లాడమన్నారు! చివరికి జవానును పక్కన నిలబెట్టి, ఇతను చెప్పింది అతను బిగ్గరగా అప్పజెప్పేటట్టు ఏర్పాటు చేశారు.

"దిక్కులేనోళ్లను బండిల ఏసుకపోతున్నరు. నడుమ ఆపుతలేరు, పిలుస్తలేరు. సర్కారు ఒక మనిషిని పెట్టాలె అని అడుగుదామని వచ్చిన. ఇప్పుడు గది గూడ వద్దంటున్న."

జవాను అప్పజెప్పాడు. "వద్దా? ఎందుకని?" అన్నాడు అధ్యక్షుడు.

"బత్కున్నప్పుడు పిల్వనోడు, సచ్చినంక పిలిస్తే ఎవడు పలుకుతడు?"

"మరైతే ఏం చేయమంటారు?"

"బత్కున్నప్పుడే పిల్వాలె."

"ఎవరు పిలవాలి?"

మెంబర్లలో ఒకాయన నవ్వబోయి, పక్కాయన ముఖం చూసి మానుకున్నాడు. గుమాస్తా కలం ఎత్తి, "ఏమని రాయమంటారు సార్?" అన్నాడు. అధ్యక్షుడు కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "శ్మశానాల్లో వసతులు అని రాయండి" అన్నాడు చివరికి. అంతకన్నా ఆయన మాత్రం ఏం రాయిస్తాడు! బయట దేవిదాస్ తల పట్టుకున్నాడు. "దుప్పటన్నా అడగకపోతివి" అన్నాడు.

ఆ రాత ఫలమో, ఇంకెవరి పుణ్యమో, మరుసటేడు కాటి దారిలో పాడె దింపుకోవడానికి చక్కటి సిమెంటు అరుగు ఒకటి లేచింది. ఆ పై ఏడు వానాకాలంలో, తలుపు బార్లా తీసి ఉన్న గదిలో, రొట్టె సగం మిగిలి ఉండగా రాజలింగు పోయాడు. ఆశన్న బండి ఆ అరుగు పక్కనుంచే పోయింది, ఆగలేదు. ఆశన్నను తిట్టి లాభం లేదు, అతనికి పేరు తెలియదు. నాకు కోపం వచ్చేది ఊరి మీద. పాతికేళ్లు పేరు పెట్టి పిలిపించుకున్నారు, ఒక్కసారి తిరిగి పిలవలేకపోయారు.

ఇక్కడితో ఆపితే మాత్రం రాజలింగుకు అన్యాయం చేసినవాణ్నవుతాను. సభ అయిపోయిన సాయంత్రం నిజామాబాద్ బస్టాండులో జరిగింది చెప్పనే లేదు.

సుబ్బరత్నం కోటగిరి బస్సు కోసం బయల్దేరితే, రాజలింగు సంచి పట్టుకుని సాగనంపడానికి వెళ్లాడు. దేవిదాస్ లారీ దగ్గర గొణుగుతూనే ఉన్నాడు. దారిలో ఆవిడ అడిగింది, "చిన్నప్పుడు మీ అమ్మ మిమ్మల్ని ఏమని పిలిచేదండీ?"

"రాజిగా అనేది. గప్పుడెప్పుడో."

"మీ ఆవిడ?"

"పెనిమిటి పేరు చెప్తరా తల్లీ? 'ఇగో' అనేది."

"మరి కాంటా దగ్గర?"

"కాంటకాడ పిలిచెటోణ్ని నేనే గద. నన్నెవలు పిలుస్తరు?"

సుబ్బరత్నం బస్సు ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. అతను సంచి అందించి, వెనక్కి తిరిగి జనంలో పడి నడుస్తున్నాడు. కండక్టరు "కోటగిరి, కోటగిరి" అని అరుస్తున్నాడు, వేరుశెనగలమ్మేవాడు అరుస్తున్నాడు, ఎక్కడో పసిపిల్ల ఏడుస్తోంది. ఆ గోలంతా చీల్చుకుని కిటికీలోంచి ఒక కేక వచ్చింది.

"రాజలింగుగారూ!"

అతను ఆగిపోయాడు. తిరగకముందే నోటివెంట మాట వెళ్లిపోయింది.

"వస్తున్నా!"

గాలే వచ్చిందో, గొంతే వచ్చిందో గానీ ఆవిడకు వినిపించింది. కిటికీలోంచి నవ్వుతోంది. రాజలింగు జనాన్ని తోసుకుంటూ వచ్చి కిటికీ కింద నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. ఆమె ఎందుకు పిలిచిందో అతను అడగలేదు, ఆమే చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

"ఇంక రెండు పిలుపులున్నయమ్మా" అన్నాడు.

"ఒక్క పిలుపుకే పలికారు కదండీ" అంది సుబ్బరత్నం. "పలికిన మనిషిని మళ్లీ పిలుస్తారా?"

బస్సు కదిలింది. రాజలింగు ఆ దుమ్ములోనే నిలబడి ఆలోచించాడు. నిజమే, పలికినవాణ్ని మళ్లీ పిలిచే రూలు కాంటా దగ్గర కూడా లేదు.